చీరాల-పేరాల నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

మన కంఠేశ్వర్‌లో గాని బోధన్‌లో గాని కాపురముండువారికి సముద్రము బహు దూరము. అయినను నిజాంసాగర్ కాలువల క్రింద సేద్యము చేయుటకు కోస్తా జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు మన జిల్లాలో అనేకము గలవు. గనుక ఆ తీరమున జరిగిన సంగతి మనకు పరాయిది కాదు. ఇంటిపన్ను చీటీ చేతికి వచ్చినప్పుడు దీనిని నిర్ణయించినది ఎవరని మనము ఒకసారియైన తలంచియుందుము. ఆ ప్రశ్న నిమిత్తము ఒక ఊరి ప్రజలు దాదాపు అందరును ఇండ్లు విడిచి బయలు వెళ్లిరి. వారిని నడిపించినవాని జీవితమును ఈ నెల చదువరుల ముందుంచుచున్నాము.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిరి. పసితనముననే తలిదండ్రులను పోగొట్టుకొని బంధువుల యింట పెరిగిరి. స్కాట్లండు వెళ్లి ఎడింబరో విశ్వవిద్యాలయములో ఎం.ఏ. పట్టము పొందిరి. ఆనంద కుమారస్వామిగారితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఇంగ్లీషులోనికి తెచ్చిరి. అది 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయము వారిచే అచ్చయ్యెను. స్వదేశమునకు తిరిగివచ్చి రాజమహేంద్రవరములోను బందరులోను ఉపాధ్యాయులుగా పనిచేసిరి గాని ఎక్కడను ఎక్కువకాలము నిలువలేదు. పై అధికారులతో సర్దుకొని పోవు స్వభావము ఆయనది కాదు. ఈ గుణమే తరువాత ఒక ఊరికి మేలు చేసెను, కొంత కష్టమును తెచ్చెను.

ఆయన చేరిన చీరాల సముద్రమునకు కొద్ది మైళ్ల దూరములో నేతగాండ్రతో నిండిన ఊరు. చీరాల, పేరాల రెండును కలిసి జనసంఖ్య సుమారు 15 వేలు. అంతవరకు అవి యూనియను పాలనలో నుండెను. పన్ను ఏటికి నాలుగువేల రూపాయలకు మించదు. 1919లో మద్రాసు ప్రభుత్వము ఈ గ్రామములను మునిసిపాలిటీగా చేయుటకు తీర్మానించెను. పన్ను నలుబదివేలకు పెరుగునని లెక్క తేలెను. బీదలైన నేతగాండ్రు తమకు ఈ వైభవము వద్దని అర్జీల మీద అర్జీలు పంపుకొనిరి. ఎన్నికైన సభ్యులు రాజీనామాలిచ్చిరి. ప్రభుత్వము జీతపు అధికారిని నియమించి మునిసిపాలిటీని నడిపించెను. పన్ను కట్టనివారు కొందరు చెరసాలకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు ఉండెను.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. 1919 నాటి చట్టము చొప్పున స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రుల చేతికి వచ్చెను. ఆ శాఖను చూచినది తెలుగువారైన పానగల్లు రాజాగారే. స్వపరిపాలన యనుపేరు గల శాఖ ఊరివారి యిష్టమునకు విరోధముగా ఊరిని పాలించుట మాకు వింతగా తోచుచున్నది. తమవాడు మంత్రియైనంత మాత్రమున తమ మాట చెల్లునని చీరాలవారు అనుకొనుటకు వీలులేకపోయెను.

1921 ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చిరి. ఆయన రెండు మార్గములు చూపిరి. పన్ను నిరాకరించి శాంతముగా శిక్ష అనుభవించుట ఒకటి. మునిసిపల్ హద్దు దాటి వెళ్లిపోవుట రెండవది. కాంగ్రెసు ధనసహాయమును నమ్ముకొనవద్దని కూడ హెచ్చరించిరి. గోపాలకృష్ణయ్యగారు రెండవ మార్గమును ఎంచుకొనిరి. 13 వేలకు పైగా జనము ఇండ్లకు తాళములు వేసి, హద్దు వెలుపల పాకలు వేసికొనిరి. ఆ స్థలమునకు రామనగరమని పేరు పెట్టిరి.

నిర్గమకాండము చదివిన మనకు ఆ దృశ్యము తేటగా కనబడును. అయితే ఒక భేదము గలదు. ఇశ్రాయేలీయుల వెనుక సముద్రము మూసికొనెను. చీరాలవారి సొంత ఇండ్లు పిలుపుదూరములోనే నిలిచియుండెను. ఎండకు వానకు పిల్లలు బాధపడునప్పుడు ఆ తాళపుచెవి తల్లి కొంగున నుండెను. పైగా గుంటమగ్గము నేలలో త్రవ్వి పెట్టునది, దానిని భుజాన వేసికొని పోలేము. పాకలలో ఉండుటకన్న పని లేక ఉండుట కష్టతరము.

ఆయన వారిని ఊరకే కూర్చుండబెట్టలేదు. రామదండు అను స్వచ్ఛంద సేవకుల దళమును అంతకు మునుపే సిద్ధపరచియుండిరి. బెజవాడ కాంగ్రెసు సభలో జనసమూహములను అదుపులో ఉంచిన దళము అదియే. రామనగరములో పంచాయతీ ఏర్పడెను, తగవులు అక్కడనే తీరెను. మునిసిపాలిటీ వద్దన్నవారు పాలన వద్దనలేదు. తమ శక్తికి మించని పాలనను తామే చేసి చూపిరి. ఈ భాగమే ఆయన జీవితములో శ్రేష్ఠమైనదని మా తలంపు.

అయినను చేతిలో ధనము లేదు. ఆయన నిధుల కొరకు తిరుగుచు బరంపురము వెళ్లగా, ప్రసంగించరాదను ఉత్తరువు వచ్చెను. దానిని మీరినందుకు ఒక యేడు శిక్ష విధించి తిరుచిరాపల్లి చెరసాలకు పంపిరి. కాపరి లేని మంద వలె రామనగరము చెదరిపోసాగెను. పదునొకండు మాసములు ఓర్చి 1922లో జనము తమ ఇండ్లకు తిరిగి వెళ్లిరి, మునిసిపాలిటీ నిలిచెను. మొదటి మార్గములో శిక్ష దానిని కోరుకొన్నవాని మీద పడును; రెండవదానిలో ముసలివారి మీదను చంటిబిడ్డల మీదను పడును. నాయకుడు ఈ లెక్కను ముందుగా వేసికొనవలసి యుండెనని కొందరందురు, ఆ మాట త్రోసివేయదగినది కాదు. కాని 13 వేలమందిని బలవంతముగా పదునొకండు మాసములు పాకలలో ఉంచుట ఎవనికిని సాధ్యము కాదు.

చెర నుండి విడుదలయైన తరువాత ఆయన బ్రతికినది కొద్ది సంవత్సరములే. ఆంధ్రరత్న యను బిరుదు మిగిలెను గాని ధనము మిగులలేదు. క్షయరోగముతో కృశించి 1928 జూన్ 10వ తేదీన, 39 యేండ్ల ప్రాయమున కన్నుమూసిరి.