దేవళాలి లెక్కల మాస్టారు

పెద్ద డిగ్రీలు లేని బడిపంతులు పేరు గణితంలో నిలుస్తుందా? దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ గారి పేరు నిలిచింది. 1905లో మహారాష్ట్రలోని దహాణులో పుట్టిన ఆయన బి.ఎస్సీ.తో చదువు ముగించి, 1930 నుంచి 1962 వరకు నాసిక్ దగ్గరి దేవళాలి బడిలో పాఠాలు చెప్పారు. తీరిక దొరికితే అంకెలే లోకం.

నాలుగంకెల సంఖ్య ఒకటి తీసుకోండి. అంకెలన్నీ ఒకటే కాకూడదు, అంతే. 3524 అనుకుందాం. అంకెలను పెద్ద నుంచి చిన్నకూ, చిన్న నుంచి పెద్దకూ పేర్చి తీసివేస్తే, 5432లో 2345 పోగా 3087. మళ్ళీ అలాగే చేస్తే 8352, ఆపైన 6174. ఇక అక్కడి నుంచి కదలదు! ఎక్కడ మొదలుపెట్టినా ఏడు మెట్లలోపు చేరేది అక్కడికే. (మధ్యలో 999 వస్తే 0999గా రాసుకోవాలి.) మన పిల్లల చేత చేయించి చూడండి.

తన అంకెల మొత్తంతో శేషం లేకుండా భాగింపబడే 18 వంటి సంఖ్యలకు ఆయన హర్షద సంఖ్యలని పేరు పెట్టారు. ఏ సంఖ్యకు దాని అంకెల మొత్తాన్ని కలిపినా రాని 20 వంటివి స్వయంభూ సంఖ్యలు. ఎంత ముచ్చటైన పేర్లు!

స్వదేశంలో పండితులు చాలామంది ఇదంతా పిల్లలాటగా కొట్టిపారేశారు. రిటైరయ్యాక పింఛను చాలక మాస్టారు ట్యూషన్లు చెప్పుకోవలసివచ్చింది. 1975లో అమెరికాలో మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఆయన గురించి రాశాకనే లోకానికి తెలిసింది. అప్పటికి ఆయనకు డెబ్బయ్యేళ్ళు. 1986లో కన్నుమూశారు.