జెల్లీ రోల్ మార్టన్

జాజ్ సంగీతము పేరు విననివారు నేడు పట్టణములలో అరుదు. ఆ సంగీతమును సృష్టించినది తానేననియు, అది 1902వ సంవత్సరమున జరిగినదనియు తెలుపుచు 1938లో వాషింగ్టన్ నగరమునుండి ఒక పియానో విద్వాంసుడు సుదీర్ఘమైన లేఖ వ్రాసెను. ఒక సంగీతపత్రిక దానిని అచ్చువేసినది. చదివినవారిలో పెక్కురు నవ్విరి. ఒక జాతిజనులు కొన్ని తరములుగా పెంచుకొనివచ్చిన సంగీతమును ఒక్క మనుష్యుడు ఒక్క సంవత్సరమున సృష్టించుట యెట్లని వారి ఆక్షేపణ. అది న్యాయమైన ఆక్షేపణయే. కాని ఆ నవ్వులో అతడు నిజముగా చేసిన పని సైతము కొట్టుకొనిపోయెను. ఆ విద్వాంసుడే జెల్లీ రోల్ మార్టన్.

అతని అసలుపేరు ఫెర్డినాండ్ జోసెఫ్ లామోత్. జన్మస్థలము మిసిసిపీ నదీతీరమున గల న్యూ ఆర్లియన్స్ రేవుపట్టణము. జ్ఞానస్నాన పత్రమునుబట్టి చూడగా 1890 అక్టోబరు 20వ తేదీ జన్మదినము. అతడు మాత్రము 1885 అని చెప్పుకొనెడివాడు. పండ్రెండేండ్ల బాలుడు జాజ్‌ను సృష్టించెనన్నచో నమ్మువారుండరు గదా! సర్కారు కొలువులలో వయస్సు తగ్గించి వ్రాయించుకొన్నవారి కథలు లోకమునకు క్రొత్త గావు. అయిదేండ్లు పెంచి చెప్పుకొన్నవాడు ఇతడొక్కడే కాబోలు.

అతని కుటుంబము క్రియోల్ వర్గమునకు చెందినది. ఫ్రెంచివారి రక్తము, ఆఫ్రికావారి రక్తము కలిసిన ఈ వర్గమువారు ఫ్రెంచిభాష మాటాడుచు, కాథలిక్ మతము నవలంబించుచు, సంగీతమును గురుముఖమున నేర్చుచు, తమకంటె నల్లనివారిని దూరముగా నుంచెడివారు. తెల్లవారు వీరిని దూరముగా నుంచెడివారు. రైళ్లలో వర్ణమునుబట్టి వేరుపెట్టెలుండుట చట్టసమ్మతమేనని అమెరికా అత్యున్నత న్యాయస్థానము 1896లో తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యమునకు కారకుడు న్యూ ఆర్లియన్స్ క్రియోల్ ఒకడే. అట్టి చట్టములతో క్రియోల్ కుటుంబములకు మిగిలియున్న కొద్దిపాటి అంతరము కూడ పోయి, అందరును ఒకే గాట కట్టబడిరి. మార్టన్ బ్రతికినన్నాళ్లు తన పూర్వులు నేరుగా ఫ్రాన్సు దేశమునుండి వచ్చిరనియే చెప్పెను. తాను తక్కువవాడు గానని ప్రతిదినము ఋజువు చేసికొనవలసిన స్థితిలో పెరిగినవానికి గొప్పలు చెప్పుకొనుట అలవడుటలో వింత లేదు.

తండ్రి ఇల్లు విడిచిపోగా తల్లి మరల వివాహమాడెను. మారుటితండ్రి ఇంటిపేరు మూటన్. అదియే మార్టన్‌గా మారినది. తల్లి చిన్నతనముననే గతించుటచే ముత్తవ్వ చేరదీసెను. ఆ పట్టణమున స్టోరీవిల్ అను వేశ్యావాటిక యుండెను. 1897లో పురపాలకులే హద్దులు నిర్ణయించి దానిని ఏర్పరచిరి. కూలివాడు నెత్తురోడ్చినను సంపాదింపలేని సొమ్ము అచటి మేడలలో పియానో వాయించువానికి ఒక్కరాత్రిలో దొరకెడిది. మీసకట్టు రాని వయస్సుననే మార్టన్ అచట ప్రవేశించి, పీపాల కర్మాగారమున రాత్రికావలి కాయుచున్నానని ఇంట చెప్పెను. నిజము బయటపడిన దినమున, ఇట్టివాడింట నున్నచో చెల్లెండ్రు చెడిపోవుదురని ముత్తవ్వ అతనిని వెడలగొట్టెను.

అటుపిమ్మట దాదాపు ఇరువదియేండ్లు దేశసంచారము. మెంఫిస్, సెంట్ లూయిస్, షికాగో, లాస్ ఏంజలెస్, కెనడాలోని వాంకూవర్ – అతడు మసలని ఊరు లేదు. జూదమాడెను, బిల్లియర్డ్ బల్లలపై పందెములు గెలిచెను, నాటకసమాజములలో హాస్యవేషములు కట్టెను, ముందుపంటిలో వజ్రము పొదిగించుకొనెను. పియానో ఒక్కటియే స్థిరముగా వెంటనుండినది. ఏ ఊర ఎవరి బాణీ విన్నను అది అతని చెవిలో నిలిచిపోయెను. 1915లో షికాగోలో అతని జెల్లీ రోల్ బ్లూస్ అచ్చుపడెను. జాజ్ రచనలలో మొట్టమొదట అచ్చయినవానిలో అది యొకటి.

అతని ఘనత ఈ అచ్చుకాగితముతోడనే మొదలగుచున్నది. నాటి న్యూ ఆర్లియన్స్ వాద్యబృందములలో కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్ మూడును ఏకకాలమున పలుకుచుండ, వాయించువారు తమ తమ మనోధర్మమునుబట్టి అల్లుకొనిపోయెడివారు. ఆ అల్లికలో ఉత్సాహముండెను గాని, ఒకసారి వాయించినది గాలిలో కలిసిపోయెడిది. మార్టన్ దానికొక కట్టడము నిచ్చెను. మన కచేరీలో పల్లవి, అనుపల్లవి, చరణములు వాగ్గేయకారుడు కూర్చినవి; నెరవు, కల్పనస్వరములు గాయకుని సొత్తు. ఒకటి లేనిదే రెండవది రాణింపదు. ఇట్టి పొత్తునే అతడు జాజ్‌లో కుదిర్చెను.

1926 సెప్టెంబరులో షికాగోలో విక్టర్ కంపెనీకై రెడ్ హాట్ పెప్పర్స్ అను ఏడుగురి బృందముతో రికార్డు చేసిన బ్లాక్ బాటమ్ స్టాంప్ ఇందులకు తార్కాణము. దాని నిడివి మూడు నిమిషములకు అటునిటు. అందులో ఏడుగురును కలిసి వాయించు ఘట్టములు, ఒక్కొక్కరు విడిగా వాయించు ఘట్టములు, అందరును చటుక్కున ఆగిపోగా ఒక్క వాద్యము మాత్రము క్షణకాలము పలికి మరల అందరిని పిలుచుకొనివచ్చు ఘట్టములు ముందుగా నిర్ణయించిన క్రమమున వచ్చును. ఐనను వ్రాసినది చూచి వాయించినట్లు ఒక్కచోటను తోపదు. ఒంటరిగా వాయించునపుడును అతడు పియానోను ఒక బృందముగనే భావించెడివాడు. ఎడమచేత ట్రాంబోన్ నడక, కుడిచేత కార్నెట్ పాట, పైస్థాయిలో క్లారినెట్ విసురు. క్యూబా దీవినుండి ఓడలవెంట ఆ రేవునకు చేరిన హబనేరా లయను సైతము ఎడమచేతిలో నిలిపెను. ఆ స్పానిష్ ఛాయ లేనిదే జాజ్‌కు సరియైన రుచి రాదని అతని సిద్ధాంతము. 1923లో ఇండియానా రాష్ట్రమున తెల్లవారి బృందముతో కలిసి వాయించి రికార్డులిచ్చెను. ఆ కాలమున అది బహు అరుదైన సంగతి.

1928లో న్యూయార్క్ చేరి, మేబెల్ అను నర్తకిని వివాహమాడెను. ఆ నగరమున అప్పటికే బృందములు పెద్దవైనవి, బాణీ మారినది. మార్టన్ పాతకాలపువాడని యువకుల తలంపు. వారికందరికి తానే దారి చూపితినని అతడు వీధిమొగల నిలిచి వాదించుట. 1930తో విక్టర్ కంపెనీ అతనిని వదలుకొనెను. ఆర్థికమాంద్యము తోడైనది. ఎవరో తనకు చేతబడి చేయించిరని నమ్మి, దానిని తీయించుటకు ఉన్న సొమ్ము ధారపోసెను. ఇంతలో 1935లో అతని కింగ్ పోర్టర్ స్టాంప్‌ను ఫ్లెచర్ హెండర్సన్ కూర్పుతో బెన్నీ గుడ్‌మన్ బృందము వాయింపగా దేశమున యువజనులు దానికి నాట్యమాడిరి. కర్తకు ముట్టినది స్వల్పము. రచయితల తరఫున రుసుములు వసూలుచేయు సంఘమున అతనికి సభ్యత్వము 1939 వరకు లభింపలేదు. 1938 నాటికి వాషింగ్టన్‌లో ఒక మేడమీది చిన్న మద్యశాలలో పియానో వాయించుచుండెను. అప్పుడొక రేడియో ప్రసంగమున డబ్ల్యు. సి. హాండీని జాజ్ సంగీత జనకుడని పేర్కొనిరి. అదివరకు చెప్పిన లేఖ ఆ మంటలోనుండి పుట్టినదే.

ఆ సంవత్సరము మే నెలలో, అమెరికా ప్రభుత్వమువారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో జానపదగేయ విభాగమును చూచుచున్న అలాన్ లోమాక్స్ అతనిని పియానో ముందు కూర్చుండబెట్టెను. లోమాక్స్ ఇరువదిమూడేండ్ల చిన్న ఉద్యోగి. జానపద సంగీతమును జాజ్ చెరుపుచున్నదని అతని అభిప్రాయము. గంటసేపు పాత పాటలు పాడించుకొని పంపివేసినను అడుగువారు లేరు. కాని అతడు వినెను. మే 23న కూలిడ్జ్ మందిరమున మొదలిడి, కొన్ని వారములలో ఎనిమిదిగంటలకు పైబడిన మాటయు పాటయు ప్లేట్లకెక్కించెను.

అచట మార్టన్ గొప్పలు వేళ్లలోనికి దిగినవి. మేపుల్ లీఫ్ రాగ్ అను ప్రసిద్ధ రచనను మొదట సెంట్ లూయిస్ బాణీలోను, వెంటనే తన బాణీలోను వాయించి, రాగ్‌టైమ్ ఎచట ముగిసి జాజ్ ఎచట మొదలగునో చూపెను. ఇటలీ సంగీతనాటకములోని ఒక విషాదగీతమును జాజ్‌గా మార్చి వినిపించెను. అబద్ధములును ఆ ప్లేట్లలో కలవు. తేదీలు పెక్కు నమ్మదగినవి గావు. ఐనను టోనీ జాక్సన్ అను, ఒక్క రికార్డైనను మిగుల్పకపోయిన పియానో విద్వాంసుని ప్రసక్తి వచ్చినపుడు, అతడు తనకంటె గొప్పవాడని ఈ గర్విష్ఠియే ఒప్పుకొనెను. ఆ మాట అనవలసిన అగత్యము అతనికి లేదు.

అదే సంవత్సరము మద్యశాలలో జరిగిన ఘర్షణలో అతనికి కత్తిపోట్లు తగిలెను. ఆరోగ్యము మరల కుదుటపడలేదు. 1939లో న్యూయార్క్‌లో మరికొన్ని రికార్డులిచ్చెను. 1940 చివర, మేబెల్‌ను న్యూయార్క్‌లోనే విడిచి, తన రెండు కార్లను గొలుసుతో ఒకదానికొకటి తగిలించుకొని, మంచుతుపానులలో కాలిఫోర్నియాకు బయలుదేరెను. 1941 జూలై 10న లాస్ ఏంజలెస్ ఆసుపత్రిలో మరణించెను. మరణశాసనమున రచనలపై రాబడిలో అధికభాగము పూర్వపు సహచరి అనీటాకు వ్రాసెను. కష్టకాలమున వెంటనుండిన మేబెల్ పేరు అందులో లేదు. అతని చరిత్రలో అన్నిటికంటె సమర్థింపరాని పుట ఇదియే.

లోమాక్స్ ఆ ఇరువురు స్త్రీలను వెదకి మాటాడి, ప్లేట్లలోని కథనముతో చేర్చి 1950లో జీవితచరిత్ర ప్రకటించెను. తొమ్మిదేండ్లుగా గుర్తులేకయుండిన సమాధిపై జాజ్ అభిమానుల సంఘమొకటి రాయి నిలిపినదియు ఆ సంవత్సరమే. వేశ్యావాటికలోని పచ్చిపాటలు కూడ ఉండుటచే ప్లేట్లన్నియు బయటికి రాలేదు. 2005లో అవి పూర్తిగా వెలువడినవి. పియానో స్వరముల క్రింద, గ్రంథాలయపు నేలపై అతడు కాలితో తాళము వేయుచున్న చప్పుడు వానిలో ఆద్యంతము వినవచ్చును.