పక్షిలోక సేవలో హ్యూమ్

భారత జాతీయ కాంగ్రెస్ స్థాపనకు ప్రధాన కారకుడైన అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ పేరు చరిత్ర చదివిన వారందరికీ సుపరిచితమే. అయితే భారతీయ పక్షిశాస్త్రానికి పునాదులు వేసిన వారిలోనూ ఆయన ఒకరన్న సంగతి కొద్దిమందికే తెలుసు. పక్షుల అధ్యయనం ఆయనకు వృత్తి కాదు, కేవలం అభిరుచి.

హ్యూమ్ 1829 జూన్‌లో జన్మించారు. తండ్రి జోసెఫ్ హ్యూమ్ సంస్కరణాభిలాషి అయిన పార్లమెంటు సభ్యుడు. హ్యూమ్ 1849లో బెంగాల్ సివిల్ సర్వీసులో చేరి భారతదేశానికి వచ్చారు. ఎటావా జిల్లా మేజిస్ట్రేటుగా పలు పాఠశాలలు నెలకొల్పారు. తీరిక వేళల్లో పక్షులను పరిశీలిస్తూ నమూనాలు సేకరించారు. 1857 తిరుగుబాటు కాలంలో ఆ తొలి సేకరణ నష్టమైంది. అయినా ఆయన నిరుత్సాహపడక మళ్ళీ మొదటి నుంచి కృషి ఆరంభించారు.

ఇంత విశాల దేశంలోని పక్షులన్నింటినీ ఒక్క మనిషి పరిశీలించడం అసాధ్యమని హ్యూమ్ గ్రహించారు. అందుకే వివిధ ప్రాంతాలలో పనిచేస్తూ పక్షులపై మక్కువ పెంచుకున్న సైనికాధికారులు, వైద్యులు, అటవీ ఉద్యోగులతో ఉత్తర ప్రత్యుత్తరాలు సాగించారు. ఏ పక్షి ఏ తేదీన ఎక్కడ కనిపించిందో, గూడు ఎలా కట్టిందో, ఎన్ని గుడ్లు పెట్టిందో వారి నుంచి తెలుసుకునేవారు. ఈ పరిశీలనలను ప్రకటించడానికి 1872లో 'స్ట్రే ఫెదర్స్' అనే పత్రికను స్థాపించారు. చెదరిన ఈకలని ఆ పేరుకు అర్థం. చెదరిన ఈకల వంటి ఆ చిన్న చిన్న విశేషాలే ఒకచోట చేరి శాస్త్రంగా రూపుదిద్దుకున్నాయి.

ప్రభుత్వ విధానాలను నిర్మొహమాటంగా విమర్శించే హ్యూమ్ 1879లో కార్యదర్శి పదవిని కోల్పోయారు. 1882లో ఉద్యోగ విరమణ చేశారు. భారతదేశపు పక్షులన్నింటి గురించి ఒక బృహద్గ్రంథం రచించాలన్నది ఆయన చిరకాల సంకల్పం. అందుకై ఏళ్ళ తరబడి వ్రాసిన ప్రతులను సిమ్లాలోని తమ నివాసంలో భద్రపరిచారు. ఆయన ఊరిలో లేని సమయంలో ఒక సేవకుడు ఆ ప్రతులను దొంగిలించి, బజారులో చిత్తు కాగితాల కింద అమ్మివేశాడు. జీవితకాలపు శ్రమ పొట్లాల పాలయింది. ఈ దెబ్బతో హ్యూమ్ మనసు విరిగిపోయింది. గ్రంథ రచన ఆగిపోయింది.

అయినా మిగిలిన సంపదను ఆయన తన కోసం దాచుకోలేదు. పక్షుల చర్మాలు, గూళ్ళు, గుడ్లు కలిపి దాదాపు 82 వేల నమూనాలను 1885లో లండనులోని బ్రిటిష్ మ్యూజియానికి ఉచితంగా సమర్పించారు. అదే ఏడాది డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెస్ తొలి మహాసభ జరిగింది. పక్షిని కాల్చి పరిశీలించడమే ఆనాటి శాస్త్ర పద్ధతి. హ్యూమ్ కూడా ఆ మార్గంలోనే నడిచినప్పటికీ, అనంతర కాలంలో జీవహింసను విడనాడి శాకాహారి అయ్యారు. 1912 జూలై 31న ఇంగ్లండులో కన్నుమూశారు.

ఆయన సేకరణ విలువ దాదాపు ఒక శతాబ్దం తరువాత మరొకమారు వెల్లడైంది. 1867లో సట్లెజ్ లోయలో హ్యూమ్ ఒక చిన్న రెల్లుపిట్టను సేకరించారు. ఆ జాతి పక్షి సజీవంగా మరెవరికీ కనిపించలేదు. 2006లో థాయిలాండులో అటువంటి పిట్ట ఒకటి దొరికింది. మ్యూజియంలోని పాత నమూనాతో దాని డీఎన్‌ఏను పోల్చి, రెండూ ఒకే జాతికి చెందినవని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. అప్పటికి 139 సంవత్సరాలు గడిచాయి. తేదీ, స్థలం తప్పక నమోదు చేసే ఒక అభిరుచిపరుని అలవాటు అంతకాలం తరువాత కూడా శాస్త్రానికి అక్కరకు వచ్చింది. వ్రాసిన గ్రంథం చిత్తు కాగితమైపోయినా, శ్రద్ధగా చేసిన పరిశీలన మాత్రం వృథా పోలేదు.