దీపాలదిన్నెను కాగితం మీద కాపాడిన సర్వేయర్.. ఎవరీ కల్నల్ మెకంజీ?

అమరావతి అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది రాజధానే. కానీ విజయవాడకు ఎగువన, కృష్ణా ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో ఒకప్పుడు దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ ఉండేది. దాని కింద బౌద్ధ మహాస్తూపం ఉందని అప్పట్లో ఎవరికీ తెలీదు. ఆ స్తూపం గురించి ఇవాళ మనకు ఇంత తెలిసిందంటే ఓ ముఖ్య కారణం కల్నల్ కాలిన్ మెకంజీ.

స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో 1754లో పుట్టారు మెకంజీ. 1783లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చారు. ఇంజినీర్‌గా మొదలై 1815లో భారతదేశ తొలి సర్వేయర్ జనరల్ అయ్యారు.

రాళ్ల కోసం తవ్వితే..

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చారు. కొత్త ఊరి కోసం ఇటుకలు, రాళ్లు కావాలని దిబ్బ తవ్విస్తే శిల్పాలున్న ఫలకాలు బయటపడ్డాయి. సంగతి తెలిసి 1790ల చివర్లో మెకంజీ వచ్చి చూశారు. మళ్లీ 1816లో వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వేసి ఉంది. చాలా ఫలకాలు అప్పటికే మాయం!

మిగిలినవైనా దక్కాలని మెకంజీ తన చిత్రకారులను దింపారు. శిల్పాల బొమ్మలు గీయించారు, స్థలం ప్లాన్ తయారు చేయించారు. శిల్పం ఒక్కటే కాదు, అది దొరికిన చోటు కూడా సాక్ష్యమే. పురావస్తు శాస్త్రం తర్వాతి కాలంలో సూత్రంగా పెట్టుకున్న మాట ఇది. అలాగని ఆయన రాళ్లను కదపలేదని కాదు. కొన్నింటిని కలకత్తాకు, మద్రాసుకు పంపించారు.

ఏలూరు సోదరుల అండ

మెకంజీకి మన భాషలు రావు. ఆ లోటు తీర్చింది ఏలూరుకు చెందిన కావలి సోదరులు. శాసనాలు చదివిన బొర్రయ్య 1803లోనే కన్నుమూస్తే, ఆ బాధ్యత లక్ష్మయ్య అందుకున్నారు. ఊరూరా సేకరించిన ఆ స్థానిక చరిత్రలే నేటి కైఫీయత్తులు. శాసనం, కట్టడం, ఊరి జనం చెప్పే కథ.. మూడూ కలిపి చూడటమే వీళ్ల పద్ధతి. మెకంజీ పోయాక ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, 1836లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు.

అంచనా తప్పినా..

అమరావతి కట్టడం జైనులదని మెకంజీ అనుకున్నారు. అది తప్పని తర్వాత తేలింది. 1821లో ఆయన చనిపోయారు. 1880లో మద్రాసు ప్రభుత్వం దిబ్బ మొత్తం తవ్వించేసింది. ఏ రాయి ఎక్కడుందో సరైన లెక్క లేకుండా పోయింది. ఆ తర్వాత స్తూపం రూపాన్ని ఊహించాలనుకున్న పండితులకు మెకంజీ బొమ్మలే ఆధారమయ్యాయి.

ఆ 85 చిత్రాల ఆల్బమ్ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులోని కొన్ని శిల్పాలు ఇవాళ ఎక్కడా లేవు. కాగితం మీద బొమ్మగా మాత్రమే మిగిలాయి.