ఆంధ్ర పితామహుడు మాడపాటి హనుమంతరావు - మాతృభాషా విద్యకు చేసిన సేవ

నిజామాబాద్ పట్టణంలోను, బోధన్ చెరకు ప్రాంతంలోను తెలుగు, ఉర్దూ, మరాఠీ చిరకాలంగా కలిసి మెలిసి వినిపించే భాషలు. బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసిన 1937వ సంవత్సరంలోనే నిజామాబాద్‌లో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆరవ ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ మహాసభల ఉద్యమానికి పునాదులు వేసిన వారిలో అగ్రగణ్యులు శ్రీ మాడపాటి హనుమంతరావు.

వీరు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో జన్మించారు. వకీలుగా హైదరాబాదులో స్థిరపడ్డారు. ఉర్దూలో వీరి పాండిత్యం సామాన్యమైనది కాదు. ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోకి తెచ్చారు. కనుక వీరి తెలుగు ఉద్యమాన్ని ఉర్దూపై ద్వేషంగా భావించడం పొరపాటు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ప్రాంగణంలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు గేలి చేసి ఆపివేశారు. ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాని స్థాపకులలో మాడపాటి ఒకరు.

ఆధునిక శాస్త్రాలను దేశభాషలో బోధించవచ్చునని ఉర్దూ మాధ్యమంతో నిరూపించిన ఘనత ఉస్మానియా విశ్వవిద్యాలయానిది. అయితే సంస్థాన ప్రజలలో దాదాపు సగం మంది మాట్లాడే తెలుగుకు గాని, మరాఠీ, కన్నడాలకు గాని ఆ అవకాశం ఉన్నత పాఠశాల స్థాయిలో సైతం దక్కలేదు. ఇంట ఒక భాష, బడిలో మరొక భాష కావడంతో చదువు పిల్లలకు, ముఖ్యంగా బాలికలకు, పెనుభారమైంది.

ఈ లోటు తీర్చుటకు మాడపాటి 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల నెలకొల్పారు. తెలుగు మాధ్యమ ఉన్నత పాఠశాలకు ప్రభుత్వ గుర్తింపు లభించలేదు. వెనుదీయక, దానిని కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేయించారు. తెలుగు ప్రసంగం ఆగిపోయిన సభకు అధ్యక్షత వహించిన కార్వే సంస్థయే హైదరాబాదు తెలుగు బాలికలకు ఆసరా కావడం విశేషం.

ఉద్యమ చరిత్రను వీరు 'తెలంగాణా ఆంధ్రోద్యమము' పేర గ్రంథస్థం చేశారు. 1951లో హైదరాబాదు మేయరుగా ఎన్నికయ్యారు. 1955లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. అనంతరం శాసనమండలి అధ్యక్షులుగా వ్యవహరించారు. 1970 నవంబరు 11న పరమపదించారు.