హోచిమిన్ నగరానికి స్వర్ణోత్సవ అభినందన

ఏకమైన వియత్నాం జాతీయసభ 1976 జూలై 2న సైగాన్‌కు స్వాతంత్ర్య నాయకుడు హోచిమిన్ పేరు పెట్టింది. 2026 జూలైకి ఆ పేరుకు యాభై ఏళ్లు నిండుతాయి. ఆ మహానగరానికి మనసారా అభినందనలు.

హోచిమిన్ అనే ఆ మనిషికీ ఈ ఊరికీ ఉన్న బంధం చిత్రమైనది. 1911 జూన్ 5న సైగాన్ నది ఒడ్డున, న్యా రోంగ్ రేవులో ఇరవై ఒక్కేళ్ల కుర్రాడొకడు ఫ్రెంచి ఓడ ఎక్కాడు. పేరు వాన్ బా అని చెప్పి వంటశాలలో పనికి కుదిరాడు. మళ్లీ సొంత గడ్డ మీద కాలు పెట్టింది 1941లో, అదీ ఉత్తరాన చైనా సరిహద్దు దాటి. 1945 సెప్టెంబరు 2న స్వాతంత్ర్యం ప్రకటించింది హనోయ్‌లో, 1969లో అదే తేదీన కన్నుమూసిందీ అక్కడే. సైగాన్‌కు మాత్రం ఇక రానే లేదు. ఆ రేవు భవనం ఇప్పుడు ఆయన మ్యూజియం. ఊరి జనం మాటల్లో సైగాన్ ఇంకా బతికే ఉంది. వైజాగ్, విశాఖ రెండూ అనే మనకు అందులో వింతేముంది!

ఈ యాభై ఏళ్లలో నాకు అన్నిటికన్నా నచ్చేది బియ్యం కథ. వియత్నాం యుద్ధం ముగిశాక, పక్కనే మెకాంగ్ డెల్టాలో వరి పండుతున్నా ఊళ్లో బియ్యానికి కటకట. సర్కారు కట్టిన ధర రైతుకు గిట్టదు, ధాన్యం జిల్లా దాటాలంటే తనిఖీలు. అప్పుడు అందరూ బా థీ అని పిలిచే ఒక మహిళా అధికారి, నగర నాయకుడు వో వాన్ కియెట్ అండతో, రైతులకు బజారు ధరే చెల్లించి బియ్యం తెప్పించింది. రూల్స్ ప్రకారం అది నేరమే. అక్కడివాళ్లు ఇలాంటి పనులను కంచె విరగ్గొట్టడం అన్నారు. చివరికి 1986లో కమ్యూనిస్టు పార్టీయే సంస్కరణల బాట పట్టి, ఈ నగరంలోనే పార్టీని నడిపిన గుయెన్ వాన్ లిన్‌ను ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకుంది. ఉత్సవంలో శాలువా కప్పాల్సి వస్తే నేనైతే ముందు బా థీకే కప్పుతాను.

2024 డిసెంబరులో తొలి మెట్రో నడిచింది. 2025 జూలై 1న పొరుగు ప్రాంతాలైన బిన్ దువాంగ్, బా రియా–వుంగ్ తావ్ నగరంలో కలిసి జనాభా కోటీ నలభై లక్షలకు చేరింది. నదీ తీరాన ఉన్న కాట్ లాయ్ రేవుకు తోడు సముద్రం చేరువలోని లోతైన కాయ్ మెప్ రేవు కూడా ఊరి సొత్తయింది.

ఇప్పుడు నగర తీరప్రాంతమైన కాన్ జో దగ్గర మరో భారీ రేవు కట్టాలని చూస్తున్నారు. యుద్ధకాలంలో అమెరికా చల్లిన రసాయనాలకు మోడువారిన అక్కడి మడ అడవిని 1978 నుంచి మనుషులే మొక్కమొక్కా నాటి నిలబెట్టారు. 2000లో యునెస్కో దాన్ని జీవావరణ రిజర్వుగా గుర్తించింది. హోచిమిన్ నగరమా, శుభాకాంక్షలతో పాటు మా కోరిక కూడా ఒకటి విను: ఓడలకు ఎంత చోటైనా ఇవ్వు, ఆ మడ అడవి హద్దు మాత్రం జరపకు.