నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబ్

మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికీ, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ వెళ్ళివచ్చే మన కోనసీమవాసులకు సన్నాయిమేళాన్ని గూర్చి పరిచయం చేయనవసరం లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో పందిరి వేసిన ఇంట సన్నాయి వినిపించనిదే శుభకార్యం శుభకార్యంగా తోచేది కాదు. కాలక్రమాన క్లారినెట్లు, ట్రంపెట్లు గల బ్యాండుమేళం వచ్చి ఊరేగింపులో ముందు నడిచింది. సన్నాయి పందిటి మూలకు జరిగింది. మంగళసూత్రధారణ సమయాన గట్టిమేళం వాయించమని కేకలు వేయడమే తప్ప, ఆ వాయించే మనిషి పేరేమిటి, ఏ గురువు వద్ద ఎన్నేండ్లు సాధన చేశాడు అని విచారించిన వారు మనలో ఎందరుంటారు? ఇట్టి ఉపేక్షకు గురియైన వాద్యాన్ని చేతబట్టి, మహావిద్వాంసుల సభలో అధ్యక్షపీఠం అలంకరించిన తెలుగువారు షేక్ చినమౌలానా సాహెబ్.

వారు 1924వ సంవత్సరం మే 12వ తేదీన ఒంగోలు సమీపాన గల కరవది గ్రామంలో జన్మించారు. నాటికి అది గుంటూరు జిల్లాలోనిది. ప్రకాశం జిల్లా ఏర్పడినది 1970లో. తరతరాలుగా దేవాలయాలలో నాదస్వర సేవ చేసిన ముస్లిం కుటుంబం వారిది. ఇది వింతగా తోచేవారు గుంటూరు, ప్రకాశం జిల్లాల చరిత్రను కొంచెం తెలిసికొనడం మంచిది. అక్కడి గ్రామాలలో స్వామివారికి మేలుకొలుపు పాడే సన్నాయి అనేక చోట్ల ముస్లిం కుటుంబాల చేతనే ఉండేది. ఆ ఇండ్లలో పిల్లవానికి అక్షరాభ్యాసంతో పాటు స్వరాభ్యాసమూ జరిగేది. బుర్రకథకు దేశవ్యాప్తమైన కీర్తి తెచ్చిన షేక్ నాజర్ కూడా ఆ గుంటూరు సీమవారే అని ఇక్కడ జ్ఞాపకం చేసికొందాము.

తొలిగురువు తండ్రి కాసిం సాహెబ్. పిమ్మట చిలకలూరిపేటలోని సుప్రసిద్ధ విద్వాంసులు షేక్ ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొందారు. ఇంతవరకు వారి జీవితం ఆ ప్రాంతపు ఇతర కళాకారుల జీవితం వంటిదే. ఊళ్ళలో పేరు, పెండ్లిళ్ళకు పిలుపులు, దేవాలయ ఉత్సవాలలో గౌరవం, ఇవన్నీ లభించిన తరువాత సాధారణంగా ఎవరైనా అక్కడ ఆగిపోతారు. చినమౌలానా గారు ఆగలేదు.

తమిళనాట తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై అనే మహావిద్వాంసుడు ఉండేవారు. 1898లో జన్మించి 1956లో గతించిన ఆయన నాదస్వర చక్రవర్తిగా ప్రఖ్యాతి గాంచారు. తోడిరాగాన్ని గంటల తరబడి విస్తరించి వాయించడంలో ఆయనకు సాటి లేరని సంగీతజ్ఞులందరూ అంగీకరించిన మాట. ఆ తంజావూరు బాణీ చినమౌలానా గారి హృదయాన్ని పట్టుకొన్నది. తాము నేర్చిన దానికీ, ఆ నాదానికీ గల దూరాన్ని వారు గుర్తించారు. గుర్తించడం ఒక ఎత్తు, ఆ దూరాన్ని నడవడం మరొక ఎత్తు. వారు తమిళదేశం వెళ్ళి, నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైకణ్ణు పిళ్ళైల వద్ద మరల శిష్యులుగా చేరారు. చేతికి వచ్చిన విద్యను ప్రక్కనబెట్టి, పరభాషా ప్రాంతంలో మొదటినుండి కూర్చుని నేర్వడానికి ఎంతటి వినయం కావాలో పరీక్ష తప్పి తిరిగి అదే తరగతిలో కూర్చొన్న విద్యార్థికి కొంత తెలియవచ్చును. కాని చినమౌలానా గారు తప్పినవారు కారు, ఉత్తీర్ణులైన పిమ్మట మరల కూర్చొన్నవారు!

ఇక్కడ వాద్యాన్ని గూర్చి కొంత చెప్పాలి. నాదస్వరం పొడవైన కొయ్యగొట్టం. పైన సన్నగా మొదలై క్రిందికి పోయేకొలది వెడల్పై, చివర గంట వలె విప్పారుతుంది. వ్రేళ్ళతో మూసే రంధ్రాలు ఏడు. వాటికి దిగువన మరి ఐదు ఉంటాయి. శ్రుతి సరిచేయడానికి వాటిని మైనంతో పూడ్చుకొంటారు. పైన నోటిలో పెట్టుకొనే భాగాన్ని సీవాళి అంటారు. నదీతీరాల పెరిగే రెల్లుజాతి కాడతో దానిని తయారు చేస్తారు. రెండు సన్నని రేకుల నడుమ గాలి కంపించడమే ఆ నాదానికంతకూ మూలం. వీణకు మెట్లున్నాయి, హార్మోనియానికి పలకలున్నాయి. ఇక్కడ గమకమంతా పెదవుల ఒత్తిడి, ఊపిరి, వ్రేలి కదలికల సమ్మేళనం వల్ల పుట్టవలసినదే. ఊపిరి రవంత తగ్గితే స్వరం జారిపోతుంది. ప్రక్కన డోలు ఉరుముతుండగా, ఆరుబయట వందలాది జనం నడుమ, ఈ వాద్యంపై మంద్రమైన రాగాలాపన చేయడం ఎంతటి కష్టమో ఊహించవచ్చును.

చినమౌలానా గారి ప్రత్యేకత ఆ ఆలాపనలోనే ఉన్నదని విజ్ఞుల అభిప్రాయం. త్యాగరాజస్వామి కృతులను వాయించేటప్పుడు మరొక విశేషం ఉండేదని మేము భావిస్తున్నాము. నాదస్వరానికి మాటలు లేవు. అయినను సాహిత్యం తెలిసిన విద్వాంసుడు ఏ పదం వద్ద ఊపిరి తీసికొనాలో, ఏ పదాన్ని విరువకూడదో ఎరుగును. ఆ కృతులు తెలుగు, వాయించినవారు తెలుగు. తమిళ శ్రోతలకు తమ బాణీనే తమకు వినిపిస్తూ, అందులో మన భాష నడకను నిలిపినవారు ఆయన.

తరువాత వారు శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథస్వామి సన్నిధిని తమ నివాసంగా ఎంచుకొన్నారు. పుట్టిన మతాన్ని మాత్రం విడువలేదు. ఈ రెండింటికీ వైరుధ్యం ఉన్నదని వారికి తోచలేదు. కాశీలో షహనాయి విద్వాంసులు ఉస్తాద్ బిస్మిల్లాఖాన్ గారు బాలాజీ మందిరంలో సాధన చేసిన సంగతి లోకవిదితమే. ఈ ఇరువురినీ సభలలో మతసామరస్యానికి ఉదాహరణలుగా పేర్కొనడం పరిపాటి. అది యథార్థమే, కాదనము. కాని ఆ ఒక్క మాటతో సరిపుచ్చడం వారి పట్ల మనం చేసే చిన్న అన్యాయం. వారిని స్మరించవలసినది ప్రధానంగా వారి విద్యను బట్టి. ఆ విద్యను వినకుండా సామరస్యాన్ని మాత్రం శ్లాఘించడం భోజనం ముట్టకుండా విస్తరిని మెచ్చుకొనడం వంటిది.

1973లో వారు అమెరికా వెళ్ళి నాదస్వరం వినిపించారు. ఆ దేశంలో ట్రంపెట్ వాద్యానికి కూడ ఇట్టి కథే ఉన్నది. న్యూ ఆర్లియన్స్ నగర వీథులలో ఊరేగింపులకు, శవయాత్రలకు ఊదే బ్యాండు నుండి వచ్చిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, 1922లో గురువైన కింగ్ ఆలివర్ పిలుపుపై చికాగో చేరి, క్రమంగా జాజ్ సంగీతాన్ని ప్రపంచ సభలకెక్కించారు. ఆయన 1971లో గతించారు. మన పెండ్లిబ్యాండులో ట్రంపెట్ ఊదే సోదరులలో ఎందరికి ఈ సంగతి తెలుసునో!

1977లో భారత ప్రభుత్వం చినమౌలానా గారికి పద్మశ్రీ బిరుదు ఇచ్చింది; అదే సంవత్సరం సంగీత నాటక అకాడమీ పురస్కారమూ లభించింది. 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారిని సంగీత కళానిధిగా ఎన్నుకొన్నది. ఆ గౌరవం పొందినవారు ఆ ఏటి విద్వత్సభకు అధ్యక్షత వహిస్తారు. పందిటి మూలన కూర్చుండబెట్టిన వాద్యానికి ఆ పీఠం దక్కడం సామాన్య విషయం కాదు. అయితే ఆ గౌరవాలలో అధికభాగం పొరుగునాట స్థిరపడిన పిమ్మటనే వచ్చినవి. కరవదిలోనే, చిలకలూరిపేటలోనే ఉండిపోయి ఉంటే మనం ఆయనను ఏ మాత్రం గుర్తించి ఉండేవారమో ఆలోచించుకొనవలసినదే.

బిరుదుల కంటె మాకు గొప్పగా తోచేది 1982లో శ్రీరంగంలో వారు స్థాపించిన శారదా నాదస్వర సంగీత ఆశ్రమం. ఇంటిగుట్టుగా తండ్రి నుండి కొడుకుకు మాత్రమే సంక్రమించే విద్యకు వారు బడి కట్టారు.

1999 ఏప్రిల్ 13న, 75 ఏండ్లు నిండడానికి ఒక మాసం ముందు, శ్రీరంగంలోనే వారు పరమపదించారు. మనుమలు కాసిం, బాబు ఆ బాణీని చేపట్టి జంటగా కచేరీలు చేస్తూ వచ్చారు. శిష్యులలో షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది. పురుషులకే ఊపిరి చాలదని భావించే ఆ వాద్యాన్ని కాలీషాబీ గారు భర్త ప్రక్కన కూర్చుని సరిసమానంగా వాయిస్తారు.